మిశ్రచాపు రాక్

మావాళ్ల రాక్ బ్యాండ్‌కి నేను మేనేజర్‌ని. అంటే, కారున్నది నా ఒక్కడికే. బ్యాండ్ పేరు చెప్పను, మీరు చదివేలోపు మారిపోతుంది. సినిమా పాటలు వాయించరు. పెళ్లిళ్లకు అసలే వాయించరు. మనదైన సౌండ్ దొరికేదాకా అంతేనట.

ఆ వెతుకులాటంతా సైదాబాద్‌లో ఒక పెంట్‌హౌస్‌లో. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. వాటివల్ల గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో గానీ బయటికెళ్లే మోత ఆగదు. బేస్ గిటార్ లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది, ఆ ఊపుకు అట్టముక్క అడ్డమా? శ్లాబు దిగి ఓనరుగారి వంటింట్లో స్టీలు గిన్నెలను లేపేది.

ఒక ఆదివారం ఓనరుగారే మెట్లెక్కి వచ్చారు. ఖాళీ చేయమంటారని అందరూ ఆంప్‌లు కట్టేశారు.

"ఆపొద్దు, కానివ్వండి" అని కుర్చీ లాక్కుని తొడమీద తాళం మొదలుపెట్టారు. పాట అయ్యాక డ్రమ్మర్ కాలరెగరేశాడు. "సెవెన్ బై ఎయిట్ అంకుల్. మన హైదరాబాద్‌ల ఈ బీట్ ఎవ్వడు కొట్టలే."

"తకిట తకధిమి, మూడూ నాలుగూ ఏడు. మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు. మా మనవరాలు కూడా వేస్తుంది. నువ్వు నాలుగో ఆవర్తంలో జారిపోతున్నావు బాబూ."

"మరి మీ గిన్నెలు..."

"అవి తాళం తప్పట్లేదు."

ఆ దెబ్బకు వాడు రెండు వారాలు మౌనవ్రతం. అంతలో బంజారాహిల్స్‌లో ఒక కెఫేలో షో కుదిరింది. పారితోషికం మనిషికో బర్గర్. సామానంతా కార్లో కుక్కి, స్నేర్ డ్రమ్మును డ్రమ్మర్ ఒళ్లో పెట్టి బయల్దేరితే ఏసీ గార్డ్స్ దగ్గర బరాత్ అడ్డం. అదీ మర్ఫాతో! ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం వల్లే ఆ పేటకు ఆ పేరు. ఆ సిద్దీలూ, బార్కస్ అరబ్బులూ ఈ ఊరికిచ్చిన దరువది. కారు సీట్లో కూర్చున్నవాడి కాళ్లను కూడా అడుగుతుంది.

"రెండు నిమిషాలన్నా" అని డ్రమ్మర్ స్నేర్‌తో సహా దిగిపోయాడు. వరుడి మామెవరో "బజావ్ భాయ్, బజావ్!" అంటూ వాడి తలచుట్టూ నోట్లు తిప్పి జేబులో కుక్కుతున్నాడు. ట్రాఫిక్ కదిలింది, వెనక హారన్లు, నేను కదలక తప్పలేదు. అద్దంలో చూస్తే మనవాడు గుర్రం పక్కన నడుస్తూ షాదీఖానా వైపు మలుపు తిరుగుతున్నాడు. ఫోన్ నా డ్యాష్‌బోర్డు మీదే ఉంది.

కెఫేలో డ్రమ్స్ లేకుండానే లాగించారు. "ఈ ప్రశాంతత బాగుంది" అన్నాడు యజమాని.

రాత్రి పదకొండుకు డ్రమ్మర్ బిర్యానీ వాసనతో ఊడిపడ్డాడు. జేబులోని నోట్లు టేబుల్ మీద పరిచాడు. బ్యాండ్ పుట్టాక కళ్లజూసిన మొదటి సంపాదన. శుక్రవారం ఇంకో బరాత్‌కు రమ్మన్నారట.

పెళ్లిళ్లకు వాయించనని ఒట్టేసిన సింగర్ నోట్లన్నీ రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఒక్కనివే వస్తా అని చెప్పినవా, బ్యాండ్ ఉన్నదని చెప్పినవా?"