తప్పంతా గాలిదే

వరండా గ్రిల్లు తుడవడానికి మా ఆవిడ ఈమధ్య ఓ పాత నల్ల చున్నీ కేటాయించింది. ఇదివరకు నా తెల్ల బనీన్లు వాడేది. పొద్దున్నే తుడిస్తే బనీను నల్లబడేది, సాయంత్రానికి గ్రిల్లు మళ్లీ నల్లబడేది, మధ్యలో మా ఇద్దరికీ మాటా మాటా పెరిగేది. ఇప్పుడు నల్లబట్టతో తుడుస్తోంది కాబట్టి మసి అంటుతున్నట్టే తెలియడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. కాలుష్య నియంత్రణ అంటే ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది.

మాది విశాఖపట్నం. ఒకపక్క యారాడ కొండ, ఇంకోపక్క కైలాసగిరి వరస, మధ్యలో గిన్నెలాంటి పల్లం. ఆ గిన్నెలో పోర్టు, బొగ్గు గుట్టలు, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, మిగిలిన సందుల్లో జనం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక వాడలకు కాలుష్యం మీద మార్కులేస్తే మాకు నూటికి 70 దాటాయి. పటాన్‌చెరు–బొల్లారం వాళ్లకీ దాటాయి. పదో తరగతిలో ఆ మార్కులొస్తే ఫస్ట్ క్లాసని వీధంతా మిఠాయిలు పంచుతాం. ఇక్కడేమో ‘తీవ్ర కలుషిత ప్రాంతం’ అని పేరు పెట్టి, 2010లో కొత్త ఫ్యాక్టరీలు వద్దని కొంతకాలం ఆపారు. తర్వాత ఆ నిషేధం ఎత్తేశారు. గిన్నె మాత్రం అక్కడే ఉంది.

ఇంత జరిగినా జనం రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డునే తిడుతున్నారు. ‘గాలిని గాలికొదిలేశారు’ అంటున్నారు. గాలిని గాలికి కాక ఇంకెక్కడికి వదలాలో వాళ్లే చెప్పాలి. నా అభిప్రాయంలో బోర్డు తప్పేమీ లేదు. తప్పంతా గాలిదే. రాష్ట్ర బోర్డులు పుట్టింది 1974 చట్టంతో, నీళ్ల కోసం. 1981లో గాలి కూడా మీరే చూసుకోండన్నారు. అంటే గాలికి దొరికింది అదనపు బాధ్యతలు చూసే ఆఫీసరన్నమాట. ఇన్‌చార్జి ఆఫీసరు దగ్గర పని ఎలా సాగుతుందో సర్టిఫికెట్టు కోసం తిరిగిన ఎవరినడిగినా చెబుతారు.

అయినా బోర్డు తన ధర్మం తాను తప్పలేదు. ఫ్యాక్టరీ కట్టాలంటే సీఎఫ్‌ఈ అనే అనుమతి (కన్సెంటు) కావాలి, కట్టాక నడపాలంటే సీఎఫ్‌ఓ కావాలి. కాలుష్యాన్ని బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని పరిశ్రమలకు రంగులున్నాయి. రెన్యువల్ ఉంది, ఫీజు ఉంది, షరతుల జాబితా ఉంది. గాలి దగ్గర ఏముంది? ఏ కన్సెంటూ తీసుకోకుండా పగలు సముద్రం మీంచి ఊళ్లోకొస్తుంది, రాత్రి ఊళ్లోంచి సముద్రం మీదికి పోతుంది. వచ్చేటప్పుడు చెప్పదు, పోయేటప్పుడు సంతకం పెట్టదు. ఇలాంటి బాధ్యత లేని పదార్థాన్ని నియంత్రించమంటే ఎవరివల్ల అవుతుంది?

చిమ్నీ సంగతి చూడండి, అందులో ఎంత శాస్త్రం ఉందో. ఎత్తు ఎవరిష్టం వాళ్లది కాదు. గంటకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వదులుతారో ఆ అంకెను 0.3 ఘాతానికి హెచ్చించి, 14తో గుణిస్తే వచ్చేదే మీటర్లలో ఎత్తు. ఎంత తక్కువ వచ్చినా 30 మీటర్లకు తగ్గకూడదు. గంటకు వెయ్యి కిలోలైతే ఇంచుమించు 111 మీటర్లు. రెండువేల కిలోలైతే? రెట్టింపు ఎత్తు కట్టాలేమోనని కంగారు పడకండి, 137 చాలు. విషం వంద శాతం పెరిగితే చిమ్నీ ఎత్తు 23 శాతమే పెరుగుతుంది. ఇంత ఉదారమైన సూత్రం నేను లెక్కల పుస్తకాల్లో ఎక్కడా చూడలేదు. చెత్త పక్కింట్లో పడేయాలంటే గోడ దగ్గర ఎంత ఎత్తు స్టూలు వేసుకోవాలో ప్రభుత్వమే లెక్కకట్టి చెప్పినట్టుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్లనీ వదల్లేదు. బిల్డింగు ఎత్తుకు కేవీఏ వర్గమూలంలో ఐదోవంతు కలపాలి. వంద కేవీఏ అయితే డాబా మీద ఇంకో రెండు మీటర్ల గొట్టం. ఆ పొగ పక్క అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు కిటికీకి సరిగ్గా తగులుతుంది. వాళ్ల గొట్టం మన కిటికీకి తగులుతుంది. ఇచ్చిపుచ్చుకోవడాలు.

ఇక ఎంత పొగ పీలిస్తే మంచిదో కూడా నిర్ణయించారు. పీఎం 2.5 అనే సన్నధూళి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించకూడదని 2009లో మనవాళ్లు రాశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వచ్చి 5 చాలంది. జెనీవాలో కూర్చుని రాసేవాళ్లకేం తెలుసు, మనవి ఆవకాయ మీద పెరిగిన ఊపిరితిత్తులు. ఎనిమిది రెట్లు అవలీలగా లాగేస్తాయి.

ఢిల్లీ పెద్దలు ఇంకా దయగలవాళ్లు. థర్మల్ స్టేషన్లన్నీ సల్ఫర్‌ను కడిగే యంత్రాలు రెండేళ్లలో పెట్టుకోవాలని 2015 డిసెంబరులో గట్టిగా చెప్పారు. 2017 వచ్చింది, 2022 అన్నారు. 2022 వచ్చింది, ఇంకా ముందుకు జరిపారు. 2025 జూలైలో చాలా స్టేషన్లకు అసలు అక్కర్లేదన్నారు. వాయిదాల మీద వాయిదాలు పడిన పరీక్షకు ఆఖరికి ఆల్ పాస్. చట్టానికీ అదే దయ తగిలింది. పాత గాలి చట్టంలో రూలు మీరితే ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జన్ విశ్వాస్ అని సవరించి, జైలు తీసేసి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టారు. విశ్వాసం ఎవరికి ఎవరి మీదో పేరులో చెప్పలేదు.

పని జరగడం లేదనడం మాత్రం అన్యాయం. 2019లో స్వచ్ఛమైన గాలి కోసం జాతీయ కార్యక్రమం పెట్టారు. అందులో ఆంధ్రలో 13 ఊళ్లు, తెలంగాణలో నాలుగు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు 2024లో లెక్క తీస్తే ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయింది. పరిశ్రమల పొగ వంతుకు ఒక్క శాతం కూడా రాలేదు. ఇందులో తప్పేముంది? దుమ్ము కాళ్ల దగ్గర ఉంటుంది, చిమ్నీ 111 మీటర్ల పైన ఉంటుంది. చేతికందేది చేస్తారు. తెల్లారి ట్యాంకరొచ్చి రోడ్డు మీద కళ్లాపి చల్లిపోతుంది, ముగ్గేయడమొకటే తక్కువ.

అన్నిటికన్నా నాకు నచ్చింది భూమిని వేడెక్కించే పొగ విషయంలో చేసుకున్న పంపకం. పీల్చే గాలిలో కొలవాల్సిన వాటి జాబితాలో 12 పేర్లున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ ఉంది, సీసం ఉంది, ఆర్సెనిక్ ఉంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం లేదు. పల్నాడులోనో, నల్గొండ వైపో ఒక సిమెంటు చిమ్నీ ఊహించుకోండి. కింద బొగ్గు మండుతుంది, పైగా సున్నపురాయి కాలినప్పుడు రాయిలోంచే ఇంకొంత కార్బన్ డయాక్సైడ్ ఊడి వస్తుంది. దుమ్మూ అదీ ఒకే గొట్టంలోంచి అన్నదమ్ముల్లా బయటికొస్తాయి. గుమ్మం దాటగానే వేరుకాపురం. దుమ్ము రాష్ట్ర బోర్డు వాటాకు, కార్బన్ ఢిల్లీ వాటాకు. అక్కడ ఆ లెక్క చూసేది బీఈఈ, అంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. ఎవరో గుర్తురాకపోతే మీ ఫ్రిజ్ చూడండి, దాని మీద నక్షత్రాలు అంటించింది వాళ్లే.

2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియం, కాగితం, క్లోర్ ఆల్కలీ (కాస్టిక్ సోడా లాంటివి) ఫ్యాక్టరీలు 282కి కార్బన్ లక్ష్యాలు ప్రకటించారు. మొత్తం పొగ ఇంత అని కాదు, టన్ను సరుక్కి ఇంత అని. ఈ పద్ధతి నాకు ముందే తెలుసు. కొలెస్టరాల్ పెరిగిందని డాక్టరు గారెలు తగ్గించమన్నప్పటి నుంచి నేను చిన్న గారెలే తింటున్నాను. ఒకప్పుడు నాలుగు తినేవాణ్ణి, ఇప్పుడు పది. గారెకు పడే నూనె బాగా తగ్గింది. డాక్టరుకు గారె లెక్క చెబుతాను, ఆయన ప్లేటు లెక్క అడుగుతాడు. ఆయన్ని మార్చాలి.

అందరికీ నీతులు చెప్పి నా బండి సంగతి దాచడం బాగుండదు. మొన్న పొల్యూషన్ సర్టిఫికెట్ అయిపోతే ఓ పెట్రోలు బంకు పక్కనున్న వ్యాను దగ్గరికెళ్లాను. పన్నెండేళ్ల నాటి బండి, స్టార్ట్ చేస్తే వీధికంతా దోమలమందు. లోపల కుర్రాడు ముక్కుకు కర్చీఫు కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

‘‘ఇంజినాపేయండి సార్, పొగకి కళ్లు మండిపోతన్నాయి,’’ అన్నాడు.

ఆపాను. గొట్టంలో పెట్టాల్సిన గొట్టం వ్యాను తలుపుకి వేలాడుతోంది. ఆరిన బండికి నంబరు ప్లేటు ఫొటో తీశాడు, మీట నొక్కాడు, కాగితం వచ్చింది. ఇంటికొచ్చి వరండాలో కూర్చుని అందులోని కార్బన్ మోనాక్సైడ్ అంకె చదువుకున్నాను. బండి కొన్న రోజున కూడా అంత శుభ్రంగా ఉండి ఉండదు.

చున్నీ కనపడక మా ఆవిడ గ్రిల్లు తుడవడానికి నా చేతిలో కాగితం అందుకోబోయింది. చటుక్కున వెనక్కి లాక్కున్నాను. తెల్లకాగితం కదా.