బర్డ్ ఫేసింగ్ ఇల్లు

ఈస్ట్ ఫేసింగ్, పార్క్ ఫేసింగ్, లేక్ ఫేసింగ్ అయిపోయాయి. ఇప్పుడు బర్డ్ ఫేసింగ్ వచ్చింది. 2016లో హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారని విన్నప్పటి నుంచీ మా బావమరిదికి పక్షుల పక్కన బతకాలని కోరిక. ఊరి పొలిమేరలో ఇంకో చెరువు చూసుకుని ఇల్లు కట్టేశాడు.

స్థలంలో పాత వేపచెట్టు ఉండేది. దాని నిండా పిట్టలే. పిట్టల్ని చూసే డెక్‌కి అడ్డమొస్తోందని కొట్టించాడు. ప్రకృతి కోసం ఆమాత్రం త్యాగం తప్పదు.

చెరువు వైపంతా అద్దం గోడ. అందులో ఆకాశం ఎంత బాగా కనిపిస్తుందంటే పిట్టలు కూడా నమ్మేస్తాయి. మొన్న ఆదివారం ఇడ్లీలు తింటుంటే ఠప్పుమంది. చూస్తే లకుముకి పిట్ట. నోరు తెరిచి రొప్పుతూ డెక్ మీద పది నిమిషాలు కదలకుండా కూర్చుంది. అద్దానికి ఒక నీలం ఈక అంటుకుపోయింది. "ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు బావా!" అని మావాడు పొంగిపోయాడు. బయటివైపు రెండంగుళాలకో చుక్క అంటిస్తే పిట్టలు అద్దాన్ని గుర్తుపడతాయని చెప్పాను.

"వ్యూ పోతుంది బావా."

పావురాలకు మాత్రం నెట్ కట్టించాడు. పిలవకుండా వచ్చేవి పక్షుల లెక్కలోకి రావు. తెల్లవారుజామున కోయిల గోల భరించలేక పడగ్గదికి సౌండ్‌ప్రూఫ్ చేయించి, నిద్ర లేవడానికి ఫోన్‌లో కోయిల అలారం పెట్టుకున్నాడు.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. కింద రెట్టలు, చేపల కంపు. పాపం, వాళ్లకు డిజైన్ చేసిపెట్టేవాళ్లు లేరు.

మా అమ్మమ్మకూ లేరు. ఆవిడ పెంకుటింటి చూరుకు వరికంకుల కుచ్చు వేలాడేది. పిచ్చుకలు దూలం సందులో కాపురం పెట్టి, గోడకున్న తలదువ్వుకునే అద్దంలో ఇంకో పిచ్చుకను చూసి ముక్కు అరిగేలా పొడిచేవి. అమ్మమ్మ ఆ అద్దానికి పాత జాకెట్టుగుడ్డ కప్పేది. తల దువ్వుకోవాలంటే గుడ్డ తీసి, దువ్వుకుని, మళ్లీ కప్పాలి. మర్చిపోతే వీపు మీద ఒకటి పడేది.

ఈ ముచ్చట మావాడికి తెగ నచ్చింది. మర్నాడే ఫోన్.

"బావా, ఆ వరి కుచ్చులు ఎక్కడ దొరుకుతాయి? డెక్‌కి కట్టిస్తా. ప్లాస్టిక్‌వైతే బెటర్. నిజం కంకులైతే పిట్టలు తినేస్తాయి, మాటిమాటికీ ఎవడు మారుస్తాడు?"