పిట్టలదే తప్పు

తిరుపతిలో పిచ్చుకలు కనబడటం లేదని ఈ మధ్య అందరూ బాధపడుతున్నారు. బాధపడితే పడ్డారు, తప్పంతా మనుషుల మీదికే తోసేస్తున్నారు. సిమెంటంటారు, పురుగుమందులంటారు, సెల్ టవర్లంటారు. పిచ్చుకను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఎప్పుడూ ఒకవైపు వాదనే వింటే న్యాయం ఎట్లా జరుగుతుంది? అందుకే మనుషుల తరఫున నాలుగు మాటలు చెప్పదలిచాను.

కొర్లగుంటలోనో, ఎం.ఆర్.పల్లిలోనో, తిరుచానూరు రోడ్డు పక్కనో ఏ కాలనీ అయినా తీసుకోండి. అక్కడొక పక్షి ప్రేమికుడు తప్పకుండా ఉంటాడు. ఆయన చేసిన సేవలు చూడండి. తాతల నాటి పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తుల మిద్దె కట్టాడు. ఈశాన్యంలో బరువు ఉండకూడదని వాస్తు పండితుడు చెప్పగానే అక్కడున్న వేపచెట్టును మొదలంటా కొట్టించాడు. కాళ్లకు మట్టి అంటుతోందని ఇంటిచుట్టూ పార్కింగ్ టైల్స్ పరిపించాడు. దోమలు రాకుండా కిటికీలకు జాలీ, ఏసీ చల్లదనం పోకుండా వెంటిలేటర్లకు అద్దాలు బిగించాడు. ఇన్ని పనులయ్యాక, మనసు ఊరుకోక, ఆన్‌లైన్‌లో చిలకపచ్చ ప్లాస్టిక్ ఫీడర్ తెప్పించి మిద్దె మీద కడ్డీకి వేలాడదీశాడు. కొర్రలు పోశాడు. ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. చుట్టాలంతా చూశారు. పిచ్చుక చూడలేదు.

"ఏమప్పా, ఇంత ఖర్చు పెట్టినా ఒక్కటీ వాలదే!" అని పక్కింటాయన్ని అడిగితే, "కొత్త ఇల్లు కదా సామీ, ఇంకా లొకేషన్ తెలిసుండదు" అన్నాడట.

ఇంతకీ పిచ్చుకకు ఏం కావాలి? దాని గొంతెమ్మ కోరికలు వింటే మీకే తెలుస్తుంది. తనకైతే గింజలు చాలునట. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లలకు మాత్రం మెత్తటి పురుగులే కావాలట. ఆ పురుగుల కోసం తల్లీతండ్రీ పొద్దస్తమానం ఇంటికీ తోటకీ తిరుగుతూనే ఉంటాయి. మనమేమో మందారానికి పిండినల్లి పట్టిందని వారం వారం మందు కొట్టి, పెరట్లో పురుగన్నది లేకుండా చేసి పెట్టాం. అతిథి వస్తుందని ఇల్లంతా శుభ్రం చేస్తే, మీరు ఊడ్చిపారేసిందే మా పిల్లల భోజనం అంటే ఏం చెప్పాలి?

గూడు సంగతి కూడా అంతే. పాత ఇళ్లలో దూలానికీ గోడకూ మధ్య సందులో, వసారాలో కాస్త ముందుకు వాలి ఉండే దేవుడి పటం వెనక పిచ్చుకలు గూళ్లు పెట్టేవి. నట్టింట్లో గడ్డిపోచలు రాలేవి. అవ్వ తిట్టుకుంటూనే ఊడ్చేది, గూటిని మాత్రం ఎవరినీ కదిలించనిచ్చేది కాదు. కోతలయ్యాక వరికంకులు కుచ్చుగా అల్లి గుమ్మానికి కట్టేవాళ్లు. పిచ్చుక ఆ కుచ్చును కాళ్లతో పట్టుకుని ఊగుతూ, ఒక్కో వడ్లగింజనూ ముక్కు అంచున తిప్పి నొక్కి, పొట్టు కిందికి వదిలి లోపలిది మింగేది. ఇప్పుడు మనం పటాలను గోడలోకే బిగించి వెనక లైటింగ్ పెడుతున్నాం. పైన ఫాల్స్ సీలింగ్. ఆ అందం చూసి ఆనందించాల్సింది పోయి పిచ్చుక ఇంకా సందే వెతుకుతోంది. పోనీ చెక్కపెట్టె కడదామంటే, దానికి 32 మిల్లీమీటర్ల కన్నం ఉండాలట. పెద్దదైతే గోరింక వచ్చి ఆక్రమించుకుంటుందట. మనిషి ఇంటికి ప్లాను పాస్ చేసేవాళ్లు కూడా ఇంత పట్టింపుగా ఉండరు.

అభివృద్ధిని అర్థం చేసుకున్న పక్షి ఏదన్నా ఉంటే అది పావురమే. కొండరాళ్ల అంచుల్లో బతికిన జాతి. అపార్ట్‌మెంటును చూడగానే, ఇదీ కొండే కదా అని సర్దుకుపోయింది. చెట్టు అడగదు, పురుగు అడగదు. పిల్లలకు కావలసిన పాలలాంటి పదార్థాన్ని తన గొంతు సంచిలోనే తయారుచేసుకుంటుంది. ఏసీ డబ్బా వెనక నాలుగు పుల్లలు పడేసి, ఇదే గూడు అనేసి గుడ్లు పెడుతుంది. ఇంత ఆదర్శ పౌరుడికి మనమిచ్చిన బహుమానం బాల్కనీకి నైలాన్ వల! పైన మిద్దె మీద పుణ్యం కోసం జొన్నలు చల్లుతారు, కింద అదే ఇంట్లో వలకు కొలతలు తీయిస్తారు. రెట్టల దుమ్ముతో ఊపిరితిత్తుల జబ్బులొస్తాయని ముంబైలో 2025లో పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాలు మూయిస్తే పెద్ద గొడవే అయింది. మనకా గొడవ లేదు. పుణ్యానికీ వలకూ ఒకే ఇంట్లో చోటిచ్చాం.

ఇక కాకి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకినీ ఎలుకనూ ఒకే జాబితాలో, చంపినా అడిగేవాళ్లు లేని ఉపద్రవ జీవుల కింద పెట్టారు. 2022లో చట్టాన్ని సవరించి ఆ జాబితానే ఎత్తేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే యాభై ఏళ్ల పాటు మన తద్దినాలకు వచ్చి పిండం ముట్టిన పితృదేవతలు సర్కారు లెక్కలో ఎలుకలతో సమానమన్నమాట. దీని మీద ఒక్క ధర్నా జరగలేదు. ఏడాదంతా "హుష్" అని తోలి, ఆ ఒక్క రోజు మిద్దె ఎక్కి "కా, కా" అని బతిమాలితే వచ్చే కాకి చాలా పెద్ద మనసున్నది. మడి కట్టుకున్నాయన పిలిచిన పిలుపుకి అది కాసేపు ఆలోచించుకుని మరీ వస్తుంది.

అయితే దాని శుభ్రతను మాత్రం ఉపేక్షించలేం. పక్షుల కోసం మట్టి మూకుడులో నీళ్లు పెట్టాలని చెబుతారు కదా (ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని వాస్తు కూడా ఒప్పుకుంది, కొట్టేసిన వేపచెట్టు చోటు ఎట్లాగూ ఖాళీనే). రోహిణి కార్తె ఎండల్లో గింజల కంటే ఆ నీళ్లే ముఖ్యం. లోతు రెండంగుళాలు మించకూడదు, చిన్న పిట్ట నిలబడటానికి మధ్యలో ఒక రాయి వేయాలి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్లు మార్చాలి. ఇవన్నీ చేసి పక్కకు తిరిగేసరికి కాకి దిగుతుంది. ఎక్కడిదో ఎండు చపాతీ ముక్కను ఆ నీళ్లలో ముంచుతుంది, కాలితో అదిమిపట్టి ముక్కుతో పొడిచి చూస్తుంది, మెత్తబడలేదనిపిస్తే మళ్లీ ముంచుతుంది. ఆదివారాలైతే చికెన్ ఎముక నానబెట్టి అక్కడే మరిచిపోతుంది. పిచ్చుకలకని పెట్టిన తాగునీటి పథకం ఇట్లా దారి మళ్లింది.

రామచిలుకకైతే పదవి కూడా ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. అంతకుముందున్న పాలపిట్ట పంపకాల్లో తెలంగాణకు పోయింది. పంజరంలో పెడితే కేసవుతుంది కాబట్టి బయటే చూసుకోవాలి. ప్రోటోకాల్ ఉన్నవాళ్ల తీరే దానిదీ. ఒంటికాలి మీద నిలబడి, ఇంకో కాలి గుప్పిట్లో జామకాయ పట్టుకుని, గింజల దాకా కొరికి, అక్కడ విసుగొచ్చి కింద పడేసి పక్క కాయ అందుకుంటుంది. చిలక్కొట్టిన కాయ తియ్యగా ఉంటుందని మనం సర్దిచెప్పుకోవాలి. 2025లో చిత్తూరు తోతాపురి మామిడికి కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలన్నారు. రైతులు ట్రాక్టర్లతో గేట్ల ముందు పడిగాపులు కాశారు. చిలకలు ఏ గేటు దాకా వెళ్లకుండా తోటలోనే తిన్నాయి. డబ్బివ్వలేదు నిజమే, కానీ రైతును వరుసలో మాత్రం నిలబెట్టలేదు.

శేషాచలం కొండల్లో పసుపు గొంతు పికిలిపిట్ట ఉంది. దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా ఉండదు. దాన్ని చూడటానికి పెద్ద పెద్ద లెన్సులు మోసుకుని ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. అది మాత్రం రాళ్లూ పొదలూ వదిలి మన ఫీడర్ దగ్గరకు ఎప్పుడూ రాదు. కొండ దిగి వచ్చేది కోతులే. కపిలతీర్థం వైపు ఇళ్లలో ఫీడర్‌ను అసలు ఉద్దేశించిన విధంగా వాడుకుంటున్నది అవే. మూత తిప్పి తీసి, కొర్రలు చేతిలో పోసుకుని, నచ్చక పారబోసి, ఖాళీ డబ్బా పట్టుకుపోతాయి.

ఇంత జరిగాక ఒక అపార్ట్‌మెంటువాళ్లు పిట్టలతో తెగతెంపులు చేసుకున్నారు. గోడకు ప్లాస్టిక్ ఆకులు అతికించి, వాటి మధ్య బ్లూటూత్ స్పీకర్ పెట్టి, పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లకు కోకిల పాట వేస్తున్నారు. రాలే ఆకులు లేవు, రెట్టలు లేవు, అందరికీ సంతోషం. అయితే ఎక్కడి నుంచో నిజం కోకిల ఒకటి వచ్చి పడింది. తన చోటులో ఇంకో మగకోకిల చేరిందనుకుని, స్పీకర్ ఆన్ చేయకముందే, తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడుతోంది. సెకండ్ ఫ్లోర్ వాళ్లకు నిద్ర లేదు. స్పీకర్ తీసేద్దామని సగంమంది, కోకిలకే ఏదైనా దారి చూడాలని మిగతా సగం. మీటింగ్ ఆదివారానికి వాయిదా పడింది.