మంచమెక్కించే మెసేజీ

సార్వా ఊడ్పులు మొదలైన దగ్గర్నుంచి మా అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. "పెద్ద డాక్టరు గారు చెప్పిన నిజాలు" అని మొదలవుతుంది. ఆ పెద్ద డాక్టరు గారెవరో మాత్రం ఎక్కడా ఉండదు. అందులో ఉన్నది ఇదీ: నొప్పి ఉండగా కదిలితే లోపల ఇంకా చిరుగుతుంది కాబట్టి నడుం పట్టేస్తే మూడు వారాలు మంచం దిగకూడదు. స్కానింగులో డిస్కు జారిందని వస్తే వ్యాయామం ప్రమాదం. మోకాలి గుజ్జు అరిగినవాళ్లు నడక మానెయ్యాలి. కట్టు విప్పాక చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే, డబ్బు దండగ.

నేను ఫిజియోని. ఇది నా తిండి గింజల వ్యవహారం కాబట్టి నా మాటని అనుమానంగానే చదవండి, తప్పు లేదు. ఆ మెసేజీలో నా జేబుకి చిల్లు పెట్టే నిజం ఒకటుంది. దాన్నీ దాచను, చివర్లో చెబుతాను.

ముందు మంచం సంగతి. కొబ్బరికాయలు ఒలిచే ఒకాయన ఉన్నాడు, నలభై దాటాయి. పొద్దున్నుంచీ గునపం ముందు నిలబడి వందల కాయలు ఒలుస్తాడు. ఒకరోజు బస్తా ఎత్తబోతే నడుం పట్టేసింది. మెసేజీ చదివిన కొడుకు తండ్రిని మంచం దిగనివ్వలేదు. పద్దెనిమిది రోజులు! నా దగ్గరికి తీసుకొచ్చేసరికి అసలు నొప్పి చాలావరకు తగ్గింది. కానీ నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. కింద పడిన తువ్వాలు తియ్యమంటే నా మొహం కేసి చూశాడు. నొప్పి కంటే భయం ఎక్కువైపోయింది.

మంచం సలహా ఆ మెసేజీ కనిపెట్టింది కాదు. ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. 1986లో అమెరికాలో రిచర్డ్ డెయో, ఆయనతో పనిచేసినవాళ్లూ దీన్ని పరీక్షకి పెట్టారు. నడుం నొప్పితో వచ్చిన 203 మందిలో కొందరికి 2 రోజులు, కొందరికి 7 రోజులు మంచం మీద ఉండమని చెప్పారు. రెండు రోజులవాళ్లు పనికి నాగా పెట్టిన రోజులు 45 శాతం తక్కువ. మిగతా విషయాల్లో ఏడు రోజులవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు. 1995లో ఫిన్లాండులో హెల్సింకి నగర ఉద్యోగుల మీద ఇంకో అడుగు ముందుకి వేశారు. ఒక గుంపుకి మంచం, ఇంకో గుంపుకి నడుం వ్యాయామాలు, మూడో గుంపుకి "ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకోండి" అన్న మాట. అందరికంటే బాగా కోలుకున్నది మూడో గుంపు. వ్యాయామాలు చేసినవాళ్ల కంటే కూడా!

అంటే నడుం పట్టేసిన మొదటి నాలుగు రోజుల్లో నా దగ్గరికి పరుగెత్తుకు రానక్కర్లేదు. కాఫీ పెట్టుకోండి, పెరట్లో తిరగండి, ఒకేచోట అరగంటకి మించి కూర్చోకండి. కాపడం పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, పెట్టుకోండి. వారాలు గడిచినా తగ్గకపోతేనో, మళ్లీ మళ్లీ వస్తుంటేనో అప్పుడు నాతో పని.

"కదిలితే చిరుగుతుంది" అన్నది వినడానికి నిజంలా ఉంటుంది. కానీ కండరం, దాన్ని ఎముకకి కలిపే స్నాయువు, ఎముక వీటన్నిటికీ తగినంత బరువు పడుతుంటేనే బలం. పని లేని కండ వారం రోజుల్లోనే తగ్గడం మొదలెడుతుంది. నీళ్లు వదలని బోదెలో గుర్రపుడెక్క పేరుకున్నట్టు, కదలని కీలు బిగుసుకుంటుంది. బెణికిన చీలమండకీ ఇదే వర్తిస్తుంది. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే పద్ధతిని 1978లో తన పుస్తకంలో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే డాక్టరే, పూర్తి విశ్రాంతీ ఐసూ గాయం మానడాన్ని ఆలస్యం చెయ్యవచ్చని తర్వాత తనే ఒప్పుకున్నాడు. మన ఫార్వర్డు రాసినవాళ్లకి ఆ కబురు అందినట్టు లేదు.

ఇక స్కానింగు. రిపోర్టులో "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య దిండులాంటి డిస్కు ఉబ్బడం) అన్న మాట కనపడగానే ఇంట్లో సగం మంది ఆపరేషన్ డబ్బుల లెక్కలు మొదలెడతారు. 1994లో అచ్చయిన ఒక పరిశీలన చూడండి. నడుం నొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. ముప్పై ఏళ్ల నాటి డాబాకి ఫొటో తీస్తే పెచ్చులూడిన చోటు ఒక్కటైనా కనపడదా, ఇదీ అంతే. ఇల్లు పడిపోతుందని కాదు. నిజంగా డిస్కు జారి కాల్లోకి లాగుతున్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో, నెలల్లో తేలికపడతారు. జారిన ముక్కని చాలాసార్లు ఒళ్లే కరిగించుకుంటుంది.

ఇక్కడ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ మెసేజీలో ఇది లేదు. నడుం నొప్పితో పాటు మూత్రం రాకుండా బిగబట్టేసినా, తెలియకుండా మూత్రం కారిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా నాకోసం గానీ ఆర్‌ఎంపీ గారి కోసం గానీ చూడకండి. ఆ రాత్రే బండి మాట్లాడుకుని కాకినాడో రాజమండ్రో పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, జ్వరంతో వచ్చే నొప్పి, గతంలో క్యాన్సర్ ఉన్నవాళ్లకి వచ్చే నొప్పి ఇవీ డాక్టరు చూడాల్సినవే.

మోకాలి గుజ్జు విషయంలో మెసేజీ పూర్తిగా తలకిందులు. గుజ్జుకి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దానికి తిండి. అడుగు వేసినప్పుడు నొక్కుకుని, తీసినప్పుడు వదులై, ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. నడక మానేస్తే తిండి తగ్గుతుంది, తొడకండ కరుగుతుంది, బరువంతా కీలు మీదే పడుతుంది. 2020లో అమెరికాలో 156 మంది అరుగుదల రోగుల్ని రెండుగా విడగొట్టి ఒక గుంపుకి స్టిరాయిడ్ ఇంజెక్షన్లు, ఇంకో గుంపుకి ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పి తక్కువగా ఉన్నదీ, పనులు బాగా చేసుకోగలిగిందీ ఫిజియోథెరపీవాళ్లే.

దానికి మెషీను అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు, రోజుకి రెండు పూటలా. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండొచ్చు. మర్నాడు పొద్దుటికి మామూలుకొచ్చేస్తే సరైన మోతాదు, రాకపోతే తగ్గించండి. గట్టు మీద నడక మొదలుపెట్టిన పాలకొల్లు ఆవిడ ఒకరు నెలకి గానీ రేవు మెట్లు దిగలేదు. అదే సరైన వేగం.

కట్టు గురించి రెండు మాటలు. సిమెంటు కట్టయినా, పుత్తూరు దాకా వెళ్లి వేయించుకున్నదైనా, కట్టు బయట ఉన్న వేళ్లూ భుజమూ మొదటి రోజు నుంచే ఆడుతుండాలి, డాక్టరు వద్దంటే తప్ప. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, నొప్పి భరించలేనంతగా పెరిగినా వెంటనే కట్టు తీయించాలి. విప్పాక దానంతటదే సర్దుకుంటుందని ఊరుకుంటే, మణికట్టు తిరగక చెంబు వంచలేనివాళ్లు తయారవుతారు. షుగరు ఉన్నవాళ్లకి భుజం బిగుసుకునే అవకాశం మరీ ఎక్కువ.

ఇప్పుడు నాకు నష్టం చేసే నిజం. కరెంటు పెట్టించుకోవడం దండగ అన్నారే, దీర్ఘకాలపు నడుం నొప్పి వరకూ ఆ మాట దాదాపు నిజం. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని సిఫార్సు చేశాయి. నడుం లాగే ట్రాక్షన్, నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్ (స్కానింగు కాదు), చర్మం మీద పెట్టే కరెంటు, బెల్టు వీటిని వద్దన్నాయి. మా గదిలో ఆ మెషీన్లు ఉన్నాయి. నేనూ పెట్టాను. పెట్టకపోతే "ఏమీ చెయ్యకుండా డబ్బు తీసుకున్నాడు" అంటారని పెట్టాను. కాబట్టి పది రోజులు పడుకోబెట్టి తీగలు తగిలించడం తప్ప ఒక్కసారైనా మిమ్మల్ని లేపి నడిపించని ఫిజియో దగ్గర ఉంటే, మనిషిని మార్చండి. ఫిజియోథెరపీని కాదు.

ఒలుపు ఆయన సంగతి చెప్పలేదు కదూ. మొదట తువ్వాలు తియ్యడం, తర్వాత ఖాళీ బస్తా, తర్వాత పది కాయల బస్తా. గునపం కాస్త ఎత్తుగా పాతించాం. మొదటి రోజు నలభై కాయలకి ఆపించాను, చిన్నబుచ్చుకున్నాడు. మూడో నెలకి పూర్తి పనిలో పడ్డాడు. మొన్న సంతలో కనపడితే అడిగాను.

"ఆయ్, పట్టేత్తదండి అప్పుడప్పుడూ. ఆ రోజు కాయలు తగ్గిత్తాను, అంతే."