మహారాజశ్రీ గేమ్ అప్‌డేట్ గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు 28 జీబీల నిండు విగ్రహంతో విచ్చేశారు. కుశలం తక్కువైంది మాకే.

ముహూర్తం చూసుకుని రావడంలో తమరికి తిరుగు లేదు. సరిగ్గా కనుమ మధ్యాహ్నం దిగారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి బావా, ఇద్దరు తమ్ముళ్ళూ, నేనూ ఒకే గదిలో చిక్కే పూట ఏడాదికి అదొక్కటే. గారెలూ నాటుకోడీ లాగించి, చేతులు శుభ్రంగా కడుక్కుని, నాలుగు లాప్‌టాప్‌లు మంచమ్మీద పరిచి చూస్తే ‘ప్లే’ ఉండాల్సిన చోట తమరి నామధేయం. కాకి కదిలిందో లేదో చూడలేదు గానీ తమరి పర్సెంటేజీ మాత్రం ఆచారం తప్పలేదు.

అసలు రావద్దని అనడం లేదు. కొత్త మ్యాప్ ఇస్తారు, సంతోషం. వెయ్యి రూపాయలు పారేస్తే పాత తుపాకీకే బంగారు రంగు పూస్తారు, అదీ సరే. దొంగాట పట్టే యాంటీచీట్ అంటూ సిస్టమ్ గుండెకాయ కెర్నల్ దాకా దిగి కూర్చుని, సిస్టమ్ రీస్టార్ట్ చేయించి, గోడవతల మనిషిని చూసి కాల్చేవాణ్ణి మాత్రం వదిలేస్తారు. అలవాటైపోయింది. మైకులో బూతులు తిట్టే ఏడో తరగతి పిల్లాణ్ణి తమరి ఖాతాలో వేయను, వాడికి అమ్మానాన్నా ఉన్నారు.

నా బాధ ఒక్కటే. ఒకే గది, ఒకే వైఫై, ఒకే గేమ్, ఒకే ఫైలు. దాన్ని నాలుగుసార్లు ఎందుకు దించాలండీ?

లెక్క కట్టాను. మాది వంద ఎంబీపీఎస్ ప్లాను. అవి బిట్లు, ఎనిమిదితో భాగిస్తే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు. నాలుగు 28లు 112 జీబీ. లైను ఎక్కడా తూలకుండా వచ్చినా రెండున్నర గంటలు. తూలకుండా ఎందుకుంటుంది, హాల్లో అత్తయ్య టీవీలో సినిమా పెట్టింది. అదే ఒక్కడు దించి, గిగాబిట్ కేబుల్ గుచ్చి మిగతావాళ్ళకి ఇస్తే ఒక్కొక్కరికి ఐదు నిమిషాల పని.

మాకిది కొత్తా? హాస్టల్లో ఒకరి ఫైళ్ళు ఒకరు దించుకునే డీసీ ప్లస్‌ప్లస్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. అందరూ కలిసే హబ్‌లోకి రావాలంటే ఇన్ని జీబీలు షేర్ చేయాల్సిందేనని షరతు. పంచడానికేమీ లేనివాడు విండోస్ ఫోల్డర్నే షేర్‌లో పెట్టి, దొరికిపోయి, సీనియర్ల చేత తిట్లు తినేవాడు. (అందులో డబ్బిచ్చి కొన్న సరుకెంత అని అడక్కండి.) తుపాకుల ఆట కౌంటర్‌స్ట్రైక్ 1.6 ఒక్కడి దగ్గరుంటే రాత్రికల్లా వింగంతా పాకేది. ఎవడో సర్వర్ పెట్టి కారిడార్లోకి దాని ఐపీ అడ్రస్ అరిచేవాడు. కన్సోల్లో ‘కనెక్ట్’ అని ఆ అంకెలు కొడితే డస్ట్2 మ్యాప్‌లో తేలేవాళ్ళం. బయట నెట్టు చచ్చినా ఆట ఆగేది కాదు.

టెక్నాలజీ లేదనకండి. ఫైలుని ముక్కలు చేసి, ఎవరి దగ్గరున్న ముక్క వాళ్ళు ఇచ్చిపుచ్చుకునే బిట్‌టొరెంట్‌ని బ్రామ్ కోహెన్ 2001లోనే రాశాడు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే గేమ్ ప్యాచ్‌లు, అంటే అప్‌డేట్లు, ఆ పద్ధతిలోనే పంచారు. విండోస్ 10 తన అప్‌డేట్లు పక్క కంప్యూటర్ నుంచి తెచ్చుకోవడం నేర్చింది. గేములమ్మే స్టీమ్ కూడా 2023లో ఇంట్లో ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి గేమ్ పంపే సదుపాయం పెట్టింది. గేమ్‌ని దించి తెరిచే తమరి లాంచర్‌కే పక్కవాడంటే గిట్టదు.

నాలుగింటికి బావది పూర్తయింది. ఫోల్డరంతా హార్డ్‌డిస్కులో పోసుకుని నా దాంట్లో పెట్టాను. లాంచర్ ‘వెరిఫైయింగ్’ అంది. తాకట్టు కొట్టువాడు నగని గీటురాయి మీద గీసినట్టు ఒక్కో ఫైలూ గీసి గీసి చూసి, చివరికి సున్నా నుంచి డౌన్‌లోడ్ మొదలుపెట్టింది. అదే గేమ్ రా బాబూ! అదే వెర్షన్! పక్క మంచమ్మీద ఆడుతోంది, కళ్ళు కనబడట్లేదా నీకు?

అయినా దించావు. దించాక ‘ప్యాచింగ్’ అన్నావు. ఉన్న ఫైళ్ళ పక్కనే కొత్తవి రాసుకోవాలట, డిస్కులో ఇంకా చోటు కావాలట. మేనకోడలి అన్నప్రాసన వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి తోసి చోటిచ్చాను. చిన్న తమ్ముడు అప్పటికే లాప్‌టాప్ మూసేసి పడుకున్నాడు. బాబాయ్ తొంగిచూసి, “ఇంతమంది నోళ్ళు తెరుచుకుని ఏం చూస్తున్నార్రా?” అన్నాడు.

“61 శాతం, బాబాయ్.”

ఆయన ఇంకేం అడగలేదు.

ముక్కనుమ తెల్లారుజామున బావ రైలెక్కేశాడు. తమ్ముళ్ళు మధ్యాహ్నం బస్సుకి పోయారు. సాయంత్రం లాప్‌టాప్ తెరిస్తే ‘రెడీ టు ప్లే’ అంటూ పచ్చ బటన్ పెట్టుకుని కూర్చున్నావు.

ఎవడితో ఆడమంటావ్?