కరివేపాకుకి పొలం మందా?

వానలు పడి మొక్కలు చిగురేస్తే చాలు, పురుగుమందుల షాపుల దగ్గర మేడ మీద మొక్కలు పెంచుకునేవాళ్లూ కనిపిస్తారు. ‘కరివేపాకుకి పురుగు పట్టింది, ఏదైనా మందివ్వండి’ అంటారు. మిర్చికో పత్తికో కొట్టే మందే చేతికొస్తుంది. రెండ్రోజులు తిరక్కుండా ఆ ఆకే పోపులో పడుతుంది. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఈ అలవాటు పోవాలి.

కరివేపాకు తినే ఈ పురుగు నెల్లూరు జిల్లా పొదలకూరు నిమ్మ రైతులకు పాత చుట్టమే. నిమ్మ సీతాకోకచిలుక లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. అది పెరిగి పచ్చగా మారి, ముట్టుకోగానే తల దగ్గర ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదిలితే అప్పుడు మనకు టెన్షన్. ఈలోపు కొమ్మ మోడైపోతుంది. కుండీ మొక్కకు ఏ మందూ అక్కర్లేదు. పొద్దున కాఫీ గ్లాసుతో మేడెక్కినప్పుడు ఆకులు తిప్పి చూసి ఏరేస్తే సరి. భయమైతే పుల్లతో తీయండి. మునగ మీది బొంత పురుగుల సంగతి వేరు, వాటిని చేత్తో ముట్టుకోవద్దు. పగలు చెట్టు మాను మీద గుంపు కడతాయి, వాటిని వదిలించుకోవడం అప్పుడే తేలిక. వాటికి భయపడి చెట్టే కొట్టేయడం మాత్రం అన్యాయం.

ఏరినా తరగకపోతే వేప ఉంది. 50 గ్రాముల గింజల పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండకు దాని గుణం పోతుంది. పురుగులను చంపే బ్యాక్టీరియాతో చేసిన బీటీ పొడి కూడా పనిచేస్తుంది కానీ ఆకుతో పాటు పురుగు కడుపులోకి వెళ్తేనే. కొట్టగానే రాలిపోలేదని మళ్లీ మళ్లీ కొట్టొద్దు, రెండు మూడు రోజులు ఆగాలి.

పొగాకు పండే ప్రకాశంలో పొగాకు కషాయం గుర్తురావడం సహజం. అందులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లే విషం. ఆకుకూరల మీద, పిల్లలు తిరిగే చోట దాన్ని వాడొద్దు. కొనే మందు సీసా మీద ‘ఆర్గానిక్’ అని పెద్దక్షరాలుంటే చాలదు. 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరుందో లేదో చూసి కొనాలి.

అయినా తప్పంతా జనం మీద వేయలేం. పది కుండీలున్న ఇంటికి సరిపడా వేప పొడి పొట్లం ఎక్కడ దొరుకుతుంది? జూన్, జూలైల్లో మన వీధుల్లో రాలే వేపపండ్లు ఊడ్చిన చెత్తతో పాటు బండెక్కుతున్నాయి. మునిసిపాలిటీలు వాటిని ఏరించి ఆరబెట్టిస్తే, ఉద్యాన శాఖ పొడి కొట్టించి పావుకిలో పొట్లాలుగా రైతు బజార్లలో పెట్టించవచ్చు. వచ్చే వేసవి చివరికల్లా ఒక్క బజారులోనైనా ఈ పని మొదలుపెట్టమని అధికారులను అడుగుతున్నాం.