పెన్నకు ‘ది’ ఇచ్చారు, పులికాట్‌కు ఎగ్గొట్టారు

ప్రత్యేక హోదా గురించి మాట్లాడేవాళ్లు మాట్లాడుకోనీండి. ఇంగ్లిషు వ్యాకరణంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు జరిగిన అన్యాయం మీద మాత్రం ఒక్క నాయకుడూ నోరెత్తిన పాపాన పోలేదు. పేర్ల ముందు పెట్టే ‘ది’ (the) అనే ఆ చిన్న ముక్కను పంచడంలో చూపిన పక్షపాతం అంతా ఇంతా కాదు.

పెన్నా నదికి ‘ది’ ఉంది. ఎండాకాలం ఇసుకే మిగిలినా ఉంటుంది. బంగాళాఖాతానికీ ఉంది. పులికాట్‌కు లేదు, సరస్సులకు ఇవ్వరట. పాపం, దానికి 2022లో జిల్లా కూడా మారిపోయింది. వెలిగొండలు గుంపుగా ఉన్నాయి కాబట్టి దక్కింది, ఉదయగిరి కొండ ఒంటరిది కాబట్టి దక్కలేదు. ఓటుబ్యాంకు లేనివాళ్ల గతి వ్యాకరణంలోనూ అంతే.

అన్నిటికన్నా ఘోరం ఆస్పత్రి వ్యవహారం. నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లో ఏ వార్డుకైనా వెళ్లి చూడండి. సెలైన్ ఎక్కించుకుంటూ పడున్న పెదనాన్న బ్రిటిష్ లెక్కలో ‘ఇన్ హాస్పిటల్’. కావలి నుంచి యాపిల్స్ పట్టుకొచ్చి, ఖాళీగా ఉన్న పక్క మంచం మీద చతికిలబడి, ఆ యాపిల్సే కోసుకు తింటున్న అల్లుడుగారు ‘ఇన్ ది హాస్పిటల్’. సూదులు పెదనాన్నకు, ‘ది’ అల్లుడికి! జైలూ ఇంతే. శిక్ష పడి లోపలున్నవాడికి ఉండదు, ములాఖత్‌కొచ్చిన ఎమ్మెల్యేకు ఉంటుంది. బడికి చదువుకోను పోయే పిల్లాడికి లేదు, ఫీజు బాకీ గురించి పిలిస్తే టెన్షన్‌గా పోయే తండ్రికి ఉంది. ఏ చోటుకైనా అసలు పని మీద పోయినవాడికి సున్నా, ఊరికే చూసిపోను వచ్చినవాడికి మర్యాద. డాలస్‌లో ఉన్న కొడుకు మాత్రం ఫోన్‌లో పెదనాన్నకూ ‘ది’ తగిలిస్తాడు. అమెరికాలో రోగికీ ఇస్తారు. అక్కడి ఆస్పత్రి బిల్లులు చూసినవాళ్లకు ఆ ఉదారత ఎందుకో అర్థమవుతుంది.

ఇక బండ్లు. ఇక్కడ పేచీ ‘ది’తో కాదు, ‘ఆన్’, ‘ఇన్’లతో. లోపల నిలబడి నడిచేంత జాగా ఉంటే ‘ఆన్’, వంగి దూరి కూర్చోవాల్సి వస్తే ‘ఇన్’. ఆర్టీసీ బస్సు ‘ఆన్’, కారు ‘ఇన్’. ఈ సూత్రం కట్టిన మహానుభావుడు ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే షేర్ ఆటో చూసుండడు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు, వెనక కమ్మీ పట్టుకుని ఇంకో ఇద్దరు. డ్రైవరే సగం ‘ఇన్’, సగం ‘ఆన్’.

కాబట్టి రెండు జిల్లాలకూ తక్షణం ‘ది’ మంజూరు చేయాలి. అర్హత లేదనకండి. బ్రెజిల్‌లో మేస్తున్న నెలోర్ పశువులు మన ఒంగోలు జాతివే, పేరు మాత్రం నెల్లూరుది. అంత పశుసంపద ఇచ్చుకున్నవాళ్లకు ఒక్క ‘ది’ బరువా? పైగా సరుకు కొరత కూడా లేదు. 1991లో స్వతంత్రం వచ్చాక ఉక్రెయిన్ వాళ్లు, పేరు ముందు ‘ది’ తగిలిస్తే ఇంకొకరి కింద ఉన్న ప్రాంతంలా వినిపిస్తోందని, మాకొద్దన్నారు. వాళ్లు వదిలేసింది ఏ గోడౌన్‌లోనో పడే ఉంటుంది, దాన్నే ఇప్పించండి చాలు.

సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి అర్జీ కూడా రాశాం. ముందు నెల్లూరుకా, ఒంగోలుకా అన్న దగ్గర ఆగింది.